కడిగిన రాళ్ళు

ఫిబ్రవరి 9

తమ్ముడికి,

ఎలా ఉన్నావని తర్వాత అడుగుతాను. ముందు ఒక్క ప్రశ్నకి సూటిగా జవాబు రాయి. మొన్న మంగళవారం నువ్వు మా ఊరు వచ్చావా, లేదా?

వచ్చావని టైలరమ్మ అంటోంది. మా వీధి చివర రంగుల ఫ్యాక్టరీ వాళ్ళ తెల్ల కారు ఆగిందట. ముందు సీట్లోంచి నువ్వు దిగి, క్వారీ గుంట చుట్టూ తిరిగి, నాలుగు రాళ్ళు చేత్తో తడిమి, మళ్ళీ అదే కారెక్కి పోయావట. "మీ గులకరాయేనమ్మా. జేబులో రాళ్ళు పోసుకున్నవాడిలా ఒక పక్కకి ఒరిగి నడిచేది ఇంకెవరు?" అంది. చిన్నప్పటి నుంచీ నిన్ను చూసిన మనిషి, పొరపాటు పడదు. మా డాబా ఎక్కితే ఆ గుంట కనిపిస్తుంది. గుంట దాకా వచ్చినవాడికి డాబా కనిపించలేదా?

సంగతంతా నీకు తెలుసు. అయినా నా నోటితో విను. రెండు తరాల పాటు ఆ గుంటలో నల్లరాయి కొట్టారు. పని ఆగిపోయింది, గుంట మిగిలింది. ఇప్పుడు అందులో తమ రంగుల బురద నింపుకుంటామని ఫ్యాక్టరీ వాళ్ళు అనుమతి అడుగుతున్నారు. మా వీధి బావులన్నీ గుంటకి పల్లం వైపు ఉన్నాయి. వీధంతా తాగేది ఆ నీళ్ళే. నింపవచ్చో లేదో తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు, అందులో రాళ్ళు తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఈ ముక్క నాకు పేపరు చూస్తే తెలిసింది. సంతోషించాలో భయపడాలో తేలక, బావ చేతికి పేపరిచ్చి ఆయన మొహం చూశాను. ఆయన మొహం నీకు తెలుసుగా, అందులో ఎప్పుడూ ఏమీ ఉండదు.

ఫ్యాక్టరీ వాళ్ళు నున్నటి కాగితం మీద అచ్చేసి ఇంటింటికీ పంచారు. "గుంట అడుగున ఉన్నది కోట్ల ఏళ్ళ నాడు ప్రశాంతంగా పరుచుకున్న ఒకే అఖండ శిల. చుక్క కూడా కిందికి దిగదు." ప్రశాంతంగానట. ఆ నల్లరాయి ఒకప్పుడు నేలలోంచి వచ్చిన లావా అని చిన్నప్పుడు నువ్వే చెప్పావు. నిప్పు ప్రశాంతంగా రావడం వీళ్ళ కాగితంలోనే చదివాను. నేను జవాబు కరపత్రం రాస్తున్నాను. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగానికి అదొక్కటే సుఖం, నా రాతలు త్వరగా అచ్చవుతాయి. మొదటి వాక్యం ఇది: "ఒకనాడు ఈ నేల మీదికి నిప్పుల వరద ఉరికి వచ్చింది, నేడు విషపు వరద రాబోతోంది." ఆ లావా ఎలా వచ్చిందో, ఎలా పరుచుకుందో మనుషుల భాషలో రెండు పేజీలు రాసి పంపు. ఫ్యాక్టరీ భాషలో వద్దు.

అనుమానం ఇంకా మొదలుపెట్టని,
అక్క

ఫిబ్రవరి 16

అక్కా,

వచ్చాను. ఆ కారులోనే వచ్చాను. బస్సు గుంట దాకా రాదు. మిగతా సభ్యులిద్దరూ వెనక కూర్చున్నారు, నాకు ముందు సీటు మిగిలింది. ఇందులో కుట్ర ఉందనుకుంటే డ్రైవరుని కూడా లెక్కలో వేసుకో, దారంతా నాతో మాట్లాడింది అతనే, తన నడుం నొప్పి గురించి.

మీ ఇంటికి రానిది మర్చిపోయి కాదు. నువ్వు నా అక్కవని కమిటీకి ముందే చెప్పాను. పని పూర్తయ్యేదాకా ఆ గడప తొక్కనని మాటిచ్చాను. గుంట నింపొద్దని వీధంతా తిరిగి సంతకాలు పెట్టించిన మనిషి ఇంట్లో నేను భోంచేస్తే, రేపు నా రిపోర్టు అక్క చేతివంట రాయించిందంటారు. బావగారు అర్థం చేసుకుంటారు. నీతో ఇన్నేళ్ళు కాపురం చేసినాయన అర్థం చేసుకోలేనిది ఉండదు.

ఇక నీ మొదటి వాక్యం. కొట్టేయి.

ముందు కొండని మర్చిపో. అగ్నిపర్వతం అనగానే అందరూ బుస్సున పొంగే కొండని ఊహించుకుంటారు. ఇక్కడ కొండ లేదు. నేల మైళ్ళ పొడవునా చీలింది. ఆ చీలికల్లోంచి కరిగిన రాయి పైకొచ్చింది. వేడి తారు డ్రమ్ము ఒరిగిపోతే ఎలా పాకుతుందో చూశావుగా, అలా మోకాలెత్తు కూడా లేని నాలుకలా ముందుకొస్తుంది. గాలి తగలగానే పైన తోలు కడుతుంది, పాల మీద మీగడ కట్టినట్టు. ఇక ఆగిపోయిందనుకుంటాం. ఆగదు. ఆ తోలు కింద కొత్త లావా వస్తూనే ఉంటుంది. పైన తోలు మందమవుతుంటే, కింద చేరిన లావా దాన్ని మెల్లగా పైకెత్తుతుంది. చిన్నప్పుడు నేను నీ దుప్పటి కిందికి దూరితే దుప్పటి లేచేది చూడు, అలా. మోకాలెత్తు నాలుక చివరికి నాలుగంతస్తుల మేడంత మందం అవుతుంది. అంచున ఎక్కడో చిట్లుతుంది, అక్కడి నుంచి ఇంకో నాలుక. దానికీ తోలు, దాని కిందా లావా.

ఆ తోలే దాని బలం. లోపలి వేడిని బయటికి పోనివ్వదు. అందుకే వందల మైళ్ళు పోయినా లావా చల్లారలేదు. చాలాచోట్ల దాని పక్కన మనిషి తాపీగా నడవగలిగేవాడు, మనిషంటూ ఉండి ఉంటే. ఒక్కో ప్రవాహం పరుచుకోవడానికి నెలలు, ఏళ్ళు పట్టింది. ఆగాక చల్లారుతూ, ఎండిన చెరువు మట్టి బీటలు వేసినట్టు నిలువునా బీటలు వేసింది. మీ గుంట గోడల్లో కనిపించే ఆ స్తంభాలు అవే. వరదలా ఉరికిందని పాత పుస్తకాల్లో ఉండేది, ఇప్పటికీ అలా వాదించేవాళ్ళున్నారు. రాళ్ళు తడిమి చూసిన నాకు మాత్రం నెమ్మదే కనిపిస్తుంది.

గుంటలో ఏం వెతుకుతున్నావని మాత్రం అడగకు. అది చెప్పకూడదు.

తమ్ముడు

ఫిబ్రవరి 24

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి బాగుందనిపించింది. రెండోసారి బాగా రాశావనిపించింది. మూడోసారి ఫ్యాక్టరీ వాళ్ళ కాగితం పక్కన పెట్టుకుని చదివాను.

వాళ్ళు "ప్రశాంతంగా" అన్నారు. నువ్వు "నెమ్మదిగా" అన్నావు. ఇద్దరూ ఒకే కారులో దిగారు. ప్రూఫులు దిద్దేదాన్ని, ఒకే చేతి రాత రెండు పేర్లతో వస్తే పట్టుకోవడం నా వృత్తి. నువ్వు అమ్ముడుపోయావని నేను అనడం లేదు. మనిషిని కొననక్కర్లేదని మాత్రం అంటున్నాను. ముందు సీట్లో కూర్చోబెడితే చాలు, వాళ్ళ మాట మన నోట్లో అదే మొలుస్తుంది. చదువుకున్నవాళ్ళని ఎప్పుడూ ఇలాగే పట్టారు. తిట్టి కాదు, గౌరవించి.

పైగా "చెప్పకూడదు" అట. మా బావుల గురించి మాకు చెప్పకూడనిది, వెనక సీట్లోని ఇద్దరికీ చెప్పవచ్చా? ఈ గోప్యత ఎప్పుడూ ఒక వైపుకే ఎందుకు ఒరుగుతుంది?

ఒక్కటి మాత్రం నీ ఉత్తరంలోంచి వాడుకుంటున్నాను, నీ అనుమతి లేకుండా. తోలు కింద నుంచి చప్పుడు లేకుండా పాకింది కాబట్టే అంత దూరం పోయిందన్నావు. విషం కూడా అంతే. కేకలు వేసుకుంటూ రాదు. వరద వాక్యం తీసేసి ఇది పెట్టాను. కరపత్రం ఇంకా గట్టిగా తయారైంది, నువ్వు మెత్తబరచాలని చూస్తే.

ఇంకో సంగతి. డ్రిల్లు మిషను వచ్చి గుంట అడుగున తొలిచింది. రోకలి బండల్లాంటి పొడుగాటి రాళ్ళు బయటికి తీసి చెక్క పెట్టెల్లో పేర్చి, ఆ పెట్టెలు ఎక్కడ పెట్టారో తెలుసా? గుంట గట్టు మీద ఫ్యాక్టరీ వాళ్ళ షెడ్డులో. తీర్పు చెప్పాల్సిన రాళ్ళు ముద్దాయి ఇంట్లో పడుకున్నాయి. రాయి మార్చి రాయి పెట్టడానికి ఎంతసేపు? నీకు ఈ అనుమానం రాలేదా, లేక రాకూడదా?

అక్క

మార్చి 3

అక్కా,

అడగదలచుకుంటే సూటిగా అడుగు. "అనడం లేదు" అంటూ అన్నీ అనేశావు. నీ కరపత్రాల్లో అది చెల్లుతుంది, నాకు రాసే ఉత్తరంలో చెల్లదు.

పెట్టెలు ఆ షెడ్డులో పెట్టడం నాకూ నచ్చలేదు. కమిటీకి అక్కడ వేరే గది లేదు. ఈ నెలాఖరున వాటిని మా ల్యాబుకి తెప్పిస్తారు, అప్పుడు నేను ఒక్కో రాయీ చూసి రాస్తాను. అంతవరకూ నేను వేరే పని మీద ఊళ్ళో ఉండను. డ్రిల్లు పనివాడు ఫోన్లో ఒక మాట చెప్పాడు. అది నిజమైతే చాలా సంగతులు తేలతాయి. ఏ వైపుకని అడగకు.

ఈలోగా నువ్వేమీ చేయకు. ఈ వాక్యం కింద గీత గీశాను చూడు.

తమ్ముడు

మార్చి 10

గులకరాయి గారికి,

గీత చూశాను. నువ్వు చేయవద్దన్నది చేసేశాను, రాళ్ళు భద్రంగా ఉన్నాయి.

"ఏ వైపుకని అడగకు" అంటే నాకు ఒకటే అర్థమైంది: వాళ్ళ వైపుకి. నిన్ను నమ్మమంటావు, నమ్మడానికి ఒక్క ముక్క ఇవ్వవు. సరే, నిన్ను పక్కన పెట్టి రాళ్ళనే నమ్ముదామనుకున్నాం. నేనూ టైలరమ్మా వీధిలో ఇంకో నలుగురూ పట్టపగలు షెడ్డు దగ్గరికి వెళ్ళాం. వాచ్‌మన్ మా వీధి మనిషే, స్టూలేసుకుని కూర్చున్నాడు.

"ఏం పెద్దాయనా, లోపల ఏముంది?"

"రాళ్ళంటున్నారు. నేను మూత ఎత్తి చూళ్ళేదమ్మా."

"మేం పట్టుకుపోతే?"

ఆయన మా అందరి మొహాలూ చూసి, తాళంచెవి స్టూలు మీద పెట్టి లేచాడు. "నేను టీకి పోతున్నా. అక్కడి టీ మహా వేడిగా ఉంటుంది, ఆరేసరికి ఆలస్యమవుద్ది" అన్నాడు. అలాంటి మనుషులు ఉన్నారు కాబట్టే మా వీధి ఇంకా వీధిలా ఉంది.

పెట్టెలు మా వీధి కార్మికుల యూనియన్ ఆఫీసుకి చేర్చాం. కమిటీకి ఫోన్ చేసి, రాళ్ళు మా దగ్గరున్నాయి, వచ్చి తీసుకెళ్ళండి అని చెప్పాం. దొంగతనం కాదు, కాపలా. మూతలు తీస్తే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మురికి. ఏ రాయి చూసినా బురద. ఒక పెట్టెలో అయితే రాయికీ రాయికీ మధ్య జానెడు మేర ఎర్ర మట్టి ముద్దే పడి ఉంది, ఎవడి బూటుకో అంటిన మట్టి దులిపినట్టు. మా వీధి సాక్ష్యం కమిటీ ముందుకి అలాగా వెళ్ళేది? టైలరమ్మ కొంగు దోపింది. బకెట్లు, బ్రష్షులు తెచ్చి ఒక్కో రాయీ తోమి, తుడిచి, ఎక్కడిది అక్కడే పెట్టాం. వరస తప్పకుండా నేనే దగ్గర నిలబడి చూశాను. సందుల్లేకుండా దగ్గరికి జరిపి సర్దాం. ఇప్పుడు చూస్తే నల్లగా నిగనిగలాడుతున్నాయి, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు.

ఇక వాటిని మార్చే మొనగాడు రావాలి.

అక్క

మార్చి 28

అక్కా,

ఇది ల్యాబు నుంచి రాస్తున్నాను. పని మీద నుంచి నేరుగా ఇక్కడికే వచ్చాను, ఇంటికి పోలేదు. అక్కడ నీ ఉత్తరాలు ఏమైనా పడి ఉంటే చదవలేదు. నువ్వు పెట్టెల్ని యూనియన్ ఆఫీసుకి తీసుకుపోయావని కమిటీ వాళ్ళు చెబితే ముందు ఒళ్ళు మండింది. ఇప్పుడు మంట లేదు. నువ్వన్నదే నిజమైంది. నన్ను క్షమించు.

రాళ్ళ మీద చెయ్యి పడింది. ఇక దాచాల్సింది లేదు కాబట్టి చెబుతాను. ఒక ప్రవాహం పరుచుకుని చల్లారాక, ఇంకోటి వచ్చేలోపు ఒక్కోచోట వేల ఏళ్ళు గడిచాయి. ఆ రాయి పైభాగం వానకీ ఎండకీ నానింది, పొడి అయింది, మట్టి అయింది. దాని మీద మొక్కలు కూడా మొలిచి ఉంటాయి. తర్వాత కొత్త లావా దాని మీదికి వచ్చి ఇటుకలా కాల్చేసింది. అందుకే అది ఎర్రగా ఉంటుంది. రెండు నల్లరాళ్ళ మధ్య ఎర్ర మట్టి కనిపిస్తే, అక్కడ ఒక ప్రవాహం ముగిసి ఇంకోటి మొదలైందన్న మాట. ఆ మట్టి కిందే పాత ప్రవాహపు నెత్తి ఉంటుంది. లావాలోని గాలంతా పైకి చేరి బుడగలు బుడగలుగా గట్టిపడిన రాయి అది, విరిగి సందులు పడి ఉంటుంది. నీళ్ళు అందులో పడితే పక్కకి ఎంత దూరమైనా పోతాయి.

డ్రిల్లు పనివాడు ఫోన్లో చెప్పింది అదే. గుంట అడుగుకి కాస్త కిందనే జానెడు ఎర్ర మట్టి వచ్చిందన్నాడు. ఆ మట్టి ఉంటే "ఒకే అఖండ శిల" మాట అబద్ధం, బురద నేరుగా మీ బావుల దారి పడుతుంది. మట్టి లేకపోతే, ఆ బుడగల రాయి ఒకే ప్రవాహం మధ్యలో చిన్న మచ్చ అని వాళ్ళు కొట్టిపారేస్తారు.

పెట్టెలు తెరిచాను. ఎర్ర మట్టి లేదు. పొడవు కొలిస్తే జానెడు తక్కువొచ్చింది. ఖాళీ కనిపించకుండా రాళ్ళు దగ్గరికి జరిపారు. గోరంత ఆనవాలు కూడా మిగల్చకుండా ప్రతి రాయీ కడిగేశారు. ఇంత ఓపిగ్గా పని చేసిన దొంగల్ని నేను చూడలేదు. సాక్ష్యాన్ని చెడగొట్టారని, షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళని అడగాలని కమిటీకి సంతకం పెట్టి నోటు ఇచ్చాను.

నీ అనుమానమే గెలిచింది.

తమ్ముడు

ఏప్రిల్ 4

తమ్ముడూ,

నా మార్చి పదో తేదీ ఉత్తరం ఈపాటికి చదివి ఉంటావు. చదవకపోతే, ఇది పక్కన పెట్టి ముందు అది చదువు.

చదివావా? మేమే.

బకెట్టులోంచి ఎర్ర నీళ్ళు మోరీలో పారబోసింది నేను. ఆ రంగు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

నీ ఉత్తరం చేతిలో ఉండగానే వాచ్‌మన్ వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "ఎర్ర మట్టి ఏం చేశావని అడుగుతున్నారమ్మా. నాకు ఏ మట్టీ తెలీదు. రేపటి నుంచి రావద్దన్నారు. మీ తమ్ముడుగారే రాశారట, తాళంచెవి ఉన్నోణ్ణి అడగమని." ఆయన నిన్ను తిట్టలేదు. నన్ను ఏమీ అడగలేదు. "చూద్దాంలే పెద్దాయనా" అన్నాను. నోరు తెరిస్తే గంట మాట్లాడే నేను, ఆయనకిచ్చింది ఆ ఒక్క ముక్క.

ఇప్పుడు నేను చెప్పేది ఆవేశపడకుండా విను. ఈ మాట బయట పెట్టవద్దు. ఫ్యాక్టరీ వాళ్ళు మట్టి మాయం చేశారని ఊరంతా నమ్ముతోంది. నమ్మనీ. వాగులోకి రంగు నీళ్ళు వదిలి, వదల్లేదని ఎన్నిసార్లు బొంకారు? చేసిన వాటికి పడని శిక్ష చేయనిదానికి పడితే లోకం తల్లకిందులవుతుందా? నిజం అంటావు. నిజం చెప్పి ఓడిపోయే వీధికి నిజం ఏం పెడుతుంది? మట్టి అక్కడ ఉంది. అది నిజం. దాన్ని ఎవరు కడిగారన్నది వివరం. వాచ్‌మన్‌కి యూనియన్ వాళ్ళు ఇంకో పని చూస్తారు, నేను మాట్లాడతాను.

టైలరమ్మకి చెప్పాను. కుట్టు మిషను ఆపింది. "మరి ఆయన పేరు?" అంది. పని చూస్తాంలే అన్నాను. "పని కాదమ్మా, పేరు" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అక్క

ఏప్రిల్ 10

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ తలుపు సందులోంచి పడి ఉన్నాయి. మొదటిదాంట్లో పెళ్ళిచూపుల దగ్గరికి వచ్చేసరికి అంతా అర్థమైంది. ఇంత ఓపికైన దొంగలు ఎవరా అనుకున్నాను, నాకు చిన్నప్పుడు చెవుల వెనక తోమిన చేతులే అవి అని తట్టలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. ఎర్ర మట్టి కోసం చూస్తున్నానని ఒక్క వాక్యం రాసి ఉంటే నువ్వు ఆ ముద్దని ఒళ్ళో పెట్టుకుని కాపలా కాసేదానివి. నియమం పట్టుకు కూర్చున్నాను. నిన్ను నమ్మకపోవడానికి అంతకంటే మర్యాదైన పేరు దొరకలేదు.

కానీ నీ వాదన ఒప్పుకోను. ఎవరు కడిగారన్నది వివరం అన్నావు. ఆ వివరం ఇప్పుడు ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంది. వాళ్ళు చేయనిదాన్ని వాళ్ళ నెత్తిన రుద్దితే, వాళ్ళు చేసినవాటిని ఇకపై ఎవరు నమ్ముతారు? నా నోటు వెనక్కి తీసుకున్నాను, పొరపాటు పడ్డానని రాసిచ్చాను. మీ పేర్లు రాయలేదు. ఇరవయ్యో తారీఖు విచారణలో అది నువ్వు చెప్పాలి.

చెబితే ఏం జరగవచ్చో కూడా విను. డ్రిల్లు పనివాణ్ణి అడిగితే గుర్తులేదంటున్నాడు. అతనికి రేపు కూడా ఫ్యాక్టరీలే పని ఇవ్వాలి. కొత్తగా ఇంకో బొక్క వేయమని అడగడమే మిగిలింది. అందులో మట్టి పడుతుందన్న హామీ లేదు. పాత లావా పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది. మిట్టల మీది మట్టి అప్పుడే కొట్టుకుపోయి ఉంటుంది, పల్లాల్లోనే నిలుస్తుంది. మిట్ట మీద తొలిస్తే నల్లరాయి మీద నల్లరాయే వస్తుంది. అప్పుడు నీ నిజంతో పాటు మీ బావులు కూడా పోతాయి.

తెలిసే చెప్పమంటున్నాను.

తమ్ముడు

ఏప్రిల్ 21

తమ్ముడూ,

చెప్పాను.

విచారణ పంచాయతీ హాల్లో జరిగింది. ఫ్యాన్లు తిరగలేదు, జనం కిటికీలు ఎక్కారు. మా వీధంతా వచ్చింది, దొంగతనం చేశారని ఫ్యాక్టరీ వాళ్ళని నేను కడిగేస్తానని. నేను లేచి, కడిగింది మేమేనని చెప్పాను. నా వెనక ఒక పెద్ద నిట్టూర్పు లాంటిది వినబడింది. యూనియన్ కార్యదర్శి తల పట్టుకున్నాడు. నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఫ్యాక్టరీ ప్లీడరు నవ్వు ఆపుకోలేదు. "అమ్మా, ఇంట్లో గిన్నెలు కూడా ఇంత బాగా తోముతారా?" అన్నాడు. టైలరమ్మ లేచింది. "తోముతాం బాబూ. మీ రంగు నీళ్ళు బావిలో కలిస్తే ఎంత తోమినా లాభం ఉండదు, అందుకే వచ్చాం." ఆ ఒక్కసారి మా వాళ్ళు నవ్వారు.

తర్వాత అతను నవ్వు తీసేసి అడిగాడు: "షెడ్డు ఎవరు తెరిచారు?" తాళం పగలగొట్టామని అబద్ధం చెప్పి ఉండవచ్చు. కానీ నిజం చెప్పే ఊపులో ఉన్నాను. నిజం చెప్పడం మొదలుపెట్టినవాళ్ళకి ఒక పొగరు వస్తుంది, చూశావా, అది నాకూ వచ్చింది. "తాళంచెవి స్టూలు మీద ఉంది, వాచ్‌మన్ టీకి వెళ్ళాడు" అన్నాను. అన్నాక తెలిసింది ఏమన్నానో. దొంగ కాదని తేలింది, తలుపు వదిలి పోయినవాడని తేలింది. ఆయన్ని ఇక పనిలోకి తీసుకోబోమని ఫ్యాక్టరీ వాళ్ళు అక్కడే చెప్పేశారు. ఆయన వెనక వరసలో ఉన్నాడు. నేను తిరిగి చూసేసరికి లేడు.

కమిటీ రెండు సంగతులు తేల్చింది. ఇంకొక్క బొక్క వేస్తారు, ఒక్కటే. తొందరపడి నోటు ఇచ్చావు కాబట్టి, పైగా నా తమ్ముడివి కాబట్టి, నిన్ను తప్పించి వేరే ఊరి నుంచి ఎవరినో పిలుస్తారు. ఎవరో తెలియదు. ఆ మనిషి ఎవరి కారులో వస్తారో తెలియదు.

అక్క

ఏప్రిల్ 26

అక్కా,

తప్పించడం న్యాయమే. కోపం కూడా వచ్చింది. రెండూ నిజాలే.

ఒక లాభం ఉంది, ఇప్పుడు నీకు అన్నీ చెప్పవచ్చు. బొక్క ఎక్కడ వేయాలో చెప్పే హక్కు వీధివాళ్ళకీ ఉంది, రాతపూర్వకంగా అడగండి. గుంట తూర్పు గోడలో స్తంభాల మధ్య ఒక గీత తొట్టిలా కిందికి వంగి ఉంటుంది, డాబా మీంచి కూడా కనిపిస్తుంది. కొత్త లావా పాత పల్లాన్ని నింపిన చోటు అది. మట్టి నిలిస్తే అక్కడే నిలుస్తుంది. దానికి ఎదురుగా వేయమనండి. అక్కడా లేకపోతే నేను చూసిన గీత తప్పు, ఇంకెవరినీ అనుమానించకు.

మట్టి వస్తే దాని పైముఖం చూడమనండి. పైనుంచి వచ్చిన లావా కాల్చింది కాబట్టి పైన గట్టిగా, ముదురు రంగులో ఉంటుంది, కిందికి పోయేకొద్దీ మెత్తగా ఉంటుంది. షెడ్డు మట్టికీ బూటు మట్టికీ అలా ఉండదు. పక్కనే కూర్చోండి. ఎవరూ ముట్టుకోవద్దు.

తమ్ముడు

మే 30

తమ్ముడూ,

నువ్వు చెప్పిన తొట్టి గీత ఎదురుగానే తొలిచారు. కొత్త సభ్యురాలు మోటారు సైకిలు మీద వచ్చింది, నీ కంటే చిన్నది, ఎవరితోనూ మాట్లాడదు. మా కాగితం తీసుకుని చదివింది, ఫ్యాక్టరీ వాళ్ళ కాగితం కూడా తీసుకుని చదివింది, రెండూ సంచిలో పెట్టేసుకుంది. నాకు ఆమె మీద చాలా అనుమానం వచ్చింది.

వీధంతా గట్టు మీద కూర్చుంది. నల్లరాయి, మళ్ళీ నల్లరాయి. ఫ్యాక్టరీ మేనేజరు మొహం వెలుగుతూ వచ్చింది. నేను నీ గీతని మనసులో నానా మాటలూ అన్నాను. మధ్యాహ్నానికి గొట్టం విప్పితే ఎర్రగా వచ్చింది. జానెడు కాదు, మూరెడు. ఒక్కరూ కదల్లేదు. టైలరమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. "పైనుంచి జారిపడిన మట్టి" అన్నాడు మేనేజరు. కొత్త సభ్యురాలు ఒక బెడ్డ విరిచి అతని చేతిలోనే పెట్టింది. పైముఖం పెంకులా గట్టిగా, కింద వేలు దిగేంత మెత్తగా ఉంది. దాని కింద బుడగల రాయి, ఆ రాయి తడిగా వచ్చింది. ఆమె మట్టిని ప్లాస్టిక్ కాగితంలో చుట్టింది.

నిన్న ఆర్డరు వచ్చింది. గుంట నింపడానికి అనుమతి లేదు. కార్యదర్శి మళ్ళీ నాతో మాట్లాడుతున్నాడు. కరపత్రం రాయమంటున్నారు, ఈసారి విజయం మీద. మొదటి వాక్యం ఇంకా రాలేదు.

తొలిచిన రోజు వాచ్‌మన్ కూడా వచ్చాడు. అందరికీ దూరంగా, రోడ్డు అవతల నిలబడ్డాడు. ఎర్ర మట్టి బయటపడగానే నేను రోడ్డు దాటి వెళ్ళి, "రా పెద్దాయనా, దగ్గరికొచ్చి చూడు, నీ వల్లే ఇదంతా" అన్నాను.

"ఇక్కడి నుంచి కనబడుతోందమ్మా. దగ్గరికి రాను. రేపు ఆ పెట్టెలో ఏదన్నా తక్కువొస్తే మళ్ళీ నా పేరే చెప్తారు" అన్నాడు.

"చెప్పంలే" అని అనలేకపోయాను. ఆయన పక్కనే, రోడ్డు అవతలే నిలబడి మిగతాదంతా చూశాను.

అక్క